వరస తప్పిన కబురు

"తలుపు తియ్యకు, చిట్టీ."

అప్పటికే కూతురు గొళ్లెం మీద చెయ్యి వేసింది. అవతల నిలబడ్డ మనిషి ఒక్కసారే బెల్లు నొక్కింది. మళ్లీ నొక్కలేదు. జడ్జి పిలిచేదాకా కోర్టు హాల్లో ఎలా నిలబడుతుందో అలాగే నిలబడి ఉంటుందని అతనికి తెలుసు.

"నేనే రమ్మన్నాను నాన్నా."

"నా ఇంటికి ఎవరు రావాలో నేను చెబుతాను."

"ఇది అమ్మ ఇల్లు కూడా."

"అమ్మ లేదు."

పేజీ అడుగున మిగిలిపోయిన చోట్లో వేసే చిన్న వార్తలా అన్నాడు ఆ మాట. కూతురు అతని వంక ఒక్క క్షణం చూసి గొళ్లెం లాగేసింది.

ప్లీడరు చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చింది. ఒకప్పుడు ఆ ఇంట్లో నేరుగా వంటింట్లోకి నడిచి, తన గ్లాసు తనే వెతుక్కుని నీళ్లు తాగిన మనిషి. ఇవాళ తలుపు పక్క కుర్చీలో, అది కూడా అంచున కూర్చుంది. మోకాళ్ల నొప్పులతో మూడంతస్తులు ఎక్కింది. ఆయాసం తీర్చుకుంటూ సంచి ఒళ్లో పెట్టుకుంది.

అతను తల ఎత్తలేదు. ఆ రోజు పేపరు ముందు పరుచుకుని ఎర్ర పెన్సిలుతో తప్పులు దిద్దుతున్నాడు. నిన్న తన చేతుల మీదుగానే అచ్చుకు వెళ్లిన పేపరు. ఇప్పుడు దిద్దితే ఎవరికీ పనికిరాదు. పెళ్లాం పోయినప్పటి నుంచి ఆదివారం పొద్దున అతనికి ఇదే పని.

"ఏం ఎడిటరూ, అచ్చయిపోయిన వాటిని కూడా వదలవా?" అంది ప్లీడరు.

"తప్పు కనిపిస్తే వదలను."

"మనుషుల్లో కూడానా?"

అతను ఇంకో గీత గీశాడు.

"మంచినీళ్లు తెస్తానుండు పిన్నీ," అంది కూతురు.

"వద్దమ్మా. నీళ్లు నమలడానికి రాలేదు ఇవాళ." ప్లీడరు చూపు గోడ వైపు పోయింది. బట్టల బీరువా పక్కన, గోడకు ముఖం తిప్పి, దారం కట్టిన కాగితం చుట్టుకుని ఒక పటం నిలబడి ఉంది. "అది మన బక్కోడు పంపిన మీ అమ్మ ఫోటోనా? ఇంకా విప్పనే లేదా?"

"నాన్న మేకు కొట్టనివ్వడు."

"ఎందుకు కొట్టనివ్వాలి?" అన్నాడతను పేపరు లోంచే. "చచ్చిపోతున్నానన్న సంగతి కట్టుకున్నవాడికి చెప్పని మనిషి. గోడ మీద పెట్టి రోజూ పలకరించుకోవాలా?"

కూతురు ముఖం తిప్పుకుంది. ఏడాదిగా ఈ మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు వినిపించిందో గోడలకు తెలుసు. ఏడుపు వినిపించని ఇంట్లో ఈ మాటే వినిపించింది.

"నాలుగు నెలలు దాచింది," అన్నాడు. "ఊళ్లో ఎవడింట్లో పిల్లి చచ్చినా నాకు కబురొస్తుంది. నా ఇంట్లో సంగతి ఆస్పత్రిలో డాక్టరు చెబితే తెలిసింది నాకు. 'అదేంటి సార్, మీకు తెలీదా? లాయరుగారు ప్రతిసారీ వెంట వచ్చేవారు కదా' అన్నాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఆఫీసంతా నవ్వుకుంది."

"ఎవరూ నవ్వలేదు నాన్నా."

"నేను నవ్వాను."

ప్లీడరు ఒళ్లో సంచిని గట్టిగా పట్టుకుంది. ఎన్ని వందల కేసులు వాదించిందో, ఎంతమంది సాక్షుల చేత కన్నీళ్లు పెట్టించిందో ఆ గొంతు. ఇప్పుడు మొదటి మాటే వెతుక్కోవాల్సి వచ్చింది.

"ముత్యం నీ దగ్గర దాచలేదు," అంది.

పెన్సిలు ఆగింది.

అతని పెళ్లానికి ముత్యం అన్న పేరు కాలేజీలో వచ్చింది. ముత్యాల్లాంటి దస్తూరి కాబట్టి. ఆ కాలేజీలో మెట్ల కింద ఒక గోడ ఉండేది. సున్నం రాలిపోతూ, ఎవరికీ పట్టని గోడ. దాని మీద నలుగురు కలిసి వారానికో గోడపత్రిక అంటించేవాళ్లు. హాస్టలు పప్పులో నీళ్ల దగ్గర్నుంచి గ్రంథాలయంలో తాళం తీయని బీరువా దాకా అన్నీ అందులో వచ్చేవి. ప్రిన్సిపాలు చించేవాడు. వీళ్లు మళ్లీ అంటించేవాళ్లు. చించిన కొద్దీ చదివేవాళ్లు పెరిగారు.

రాసేది అతను. అందుకే ఎడిటరు. అతను రాసింది బక్కోడి చేతికి వెళ్లేది, బొమ్మలు వెయ్యడానికి. అప్పట్లో గాలి వీస్తే పుస్తకాలు పట్టుకుని నిలబడే బక్కోడు. ఇప్పుడు పక్క ఊళ్లో సొంత స్టూడియో గుమ్మంలోంచి పక్కకి తిరిగి దూరాలి. బక్కోడి దగ్గర్నుంచి ముత్యానికి. ఆమె చక్కగా తిరగరాసేది. చివర ప్లీడరు. ఏ మాటకు ఎవరు తగువుకొస్తారో వెతికి, వాదించి, కొట్టేసి, మిగిలింది మళ్లీ అతని చేతిలో పెట్టేది. నాలుగు చేతులూ దాటందే గోడకు జిగురు తగలకూడదు. "వరస తప్పితే అది వార్త కాదు, పుకారు," అని అతనే ఒక కాగితం మీద రాసి పైన అంటించాడు. ఇరవై ఏళ్ల వయసులో మనిషి ఏది రాసినా శాసనంలాగే రాస్తాడు.

చదువులు అయిపోయిన రోజు బస్టాండులో ఒట్టు పెట్టుకున్నారు. ఆదివారం పొద్దున అదే వరసలో కబురు తిరగాలి. ఎడిటరు బక్కోడికి, బక్కోడు ముత్యానికి, ముత్యం ప్లీడరుకి, ప్లీడరు తిరిగి ఎడిటరుకి. వెనక్కి తిరగకూడదు. మొదట్లో కార్డు ముక్కలు, తర్వాత కొట్లో అద్దె ఫోన్లు, తర్వాత జేబులో ఫోన్లు. వరస మాత్రం మారలేదు.

ఎడిటరు ముత్యాన్ని పెళ్లి చేసుకున్నాక కూడా మారలేదు. అదే అందరికీ నవ్వులాట. అతను హాల్లో కూర్చుని పక్క ఊళ్లో బక్కోడికి ఫోన్ చేస్తాడు. బక్కోడు వంటింట్లో ఉన్న ముత్యానికి చేస్తాడు. ఆమె ప్లీడరుకి చేస్తుంది. ప్లీడరు మళ్లీ హాల్లోకి చేస్తుంది. "అయ్యా, నీ పెళ్లాం అడుగుతోంది, ఆ గడ్డం పంటకొచ్చిందా, కోత ఎప్పుడు?" వంటింట్లోంచి నవ్వు వినిపించేది. గుమ్మం ఇవతల నుంచి అవతలికి ఊళ్లు తిరిగి వచ్చేవి మాటలు.

ఎదురుగా చెప్పడానికి నోరు రానివన్నీ ఆ దారినే వెళ్లేవి. అతను ఉద్యోగం మానేస్తానన్నప్పుడు ఆమె భయం అలాగే వచ్చింది. కూతురు కడుపులో పడిన సంగతి కూడా అలాగే వచ్చింది. "ఎడిటరుగారూ, మీ ఇంట్లో కొత్త ఎడిషన్ వస్తోందట," అంది ప్లీడరు ఫోన్లో. అతను వంటింట్లోకి పరిగెత్తితే ముత్యం పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది, చెవులు ఎర్రబడిపోయి.

"దాచలేదంటే?" అన్నాడిప్పుడు.

"నాకు చెప్పింది. ఆదివారం. నీకు చెప్పమని."

అతను పేపరు లోంచి తల ఎత్తాడు.

"రిపోర్టు శుక్రవారం వచ్చింది. రెండ్రోజులు నీ ముందు నోరు రాలేదట. 'వరసలో పెడుతున్నాను ప్లీడరూ. చిట్టి కబురు నువ్వే ఇచ్చావు, ఇదీ నువ్వే ఇవ్వు,' అంది. నేను నీకు ఫోన్ చేశాను."

"చేశావు," అన్నాడతను మెల్లగా. "ఎవడిదో స్థలం తగాదా చెప్పావు. వాయిదా పడిందని చెప్పావు. అరగంట చెప్పావు."

"చెప్పాను."

"విసుగొచ్చింది నాకు."

"తెలుసు. నువ్వు విసుక్కుని పెట్టేస్తే బాగుండునని చూశాను." ప్లీడరు కళ్లు నేల మీదే ఉన్నాయి. "నీ పెళ్లాం పోతోందిరా అని ఫోన్లో చెప్పే నోరు నాకు లేకపోయింది. ఇది మొగుడు పెళ్లాల మధ్య సంగతి, తనే చెబుతుందిలే అనుకున్నాను. వచ్చే ఆదివారం చూద్దామనుకున్నాను."

"అమ్మ అడగలేదా?" అంది కూతురు. "చెప్పావా అని నిన్ను అడగలేదా పిన్నీ?"

ఎదుటి పక్షం నుంచి వస్తుందని తెలిసిన ప్రశ్న. వచ్చాక ఎటూ తప్పుకోలేని ప్రశ్న.

"అడిగింది. బుధవారం."

"ఏమన్నావు?"

"చెప్పాననే అన్నాను."

కూతురు చేతిలో గ్లాసు లేదు కాబట్టి ఏదీ పగల్లేదు. నిలబడ్డ చోటే గోడకు ఆనుకుంది.

"ఆదివారం వచ్చేసరికి నిజంగానే చెప్పేస్తాను కదా, మధ్యలో నాలుగు రోజుల అబద్ధమే కదా అనుకున్నానమ్మా. మొదటి వాయిదా అడగడానికే సిగ్గు. తర్వాత అలవాటైపోతుంది." ప్లీడరు ఒళ్లో సంచిని సర్దుకుంది. "ఆస్పత్రికి వెంట తిరిగాను. బెంచీ మీద పక్కన కూర్చునేదాన్ని. 'ఆయన నా ముందు బయటపడడం లేదే ప్లీడరూ, లోపల ఎంత నలుగుతున్నాడో,' అనేది. 'నేనూ ఎత్తను. ఆయనకి అలా ఉంటేనే బాగుందేమో,' అనేది. నేను తల ఊపేదాన్ని."

"నాలుగు నెలలు తల ఊపావు," అన్నాడతను.

"ఊపాను."

అతనికి ఒక సాయంత్రం గుర్తొచ్చింది. ఏ సాయంత్రమో కూడా గుర్తులేదు, అంత మామూలు సాయంత్రం. ఇదే కుర్చీలో కూర్చుని ఆఫీసు నుంచి వచ్చిన పేజీలు ఫోన్లో చూసుకుంటున్నాడు. ముత్యం వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. వదులైన చీర కుచ్చిళ్లు పట్టుకుని కూర్చుంది. బాగా చిక్కిపోయిందని చూశాడు కూడా.

"నాతో ఏమైనా చెప్పాలనుందా?" అంది.

"ఏం చెప్పాలి?" అన్నాడు ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ఆమె నవ్వింది. భుజం మీద చెయ్యి వేసి ఒకసారి నొక్కి, ఖాళీ కాఫీ కప్పు తీసుకుని వెళ్లిపోయింది.

ఏడాదిగా ఆమె మీద కోపం ఒక్కటే అతన్ని నిలబెట్టింది. ఊతకర్ర లాగేస్తే కుంటివాడు ఎలా పడతాడో అతనికి ఇప్పుడు తెలిసింది. ఆమె చెప్పింది. చెప్పి, అతని జవాబు కోసం పక్కన కూర్చుంది. అతను ఏం చెప్పాలి అన్నాడు.

"లే," అన్నాడు.

ప్లీడరు కదల్లేదు.

"నాలుగు తిట్లు తిట్టు ఎడిటరూ. ఏడాది నుంచి అందుకే ఎదురుచూస్తున్నాను."

"తిడితే నీతో మాట్లాడినట్టు అవుతుంది. లే."

"నాన్నా, ఆవిడ చెప్పింది కదా ఇప్పుడైనా..."

"పెళ్లయిపోయాక బాజా వాయించింది. లెమ్మను."

ప్లీడరు కుర్చీ చేతుల మీద బలం ఆనించి లేచింది. కూతురు సాయం పట్టుకోబోతే వద్దని తల ఊపింది. గుమ్మం దగ్గర ఆగి, గోడకు ముఖం తిప్పి నిలబెట్టిన పటం వంక చూసింది.

"దాన్ని మాత్రం ఇటు తిప్పు," అంది. "తప్పు నాది. శిక్ష తనకెందుకు?"

తలుపు మూసుకుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగే చప్పుడు.

"నీకు ముందే తెలుసా ఇదంతా?" అన్నాడు కూతురితో.

"తెలీదు. మీ అమ్మ దాచలేదు, మిగతాది మీ నాన్న ముందే చెబుతాను అంది పిన్ని. అంతే." కూతురు గొంతులో తడి లేదు. తండ్రి కూతురే. "నన్ను ఒకటి అడగనివ్వు. ఇద్దరూ ఒకే కప్పు కింద పడుకుని, ఎదురెదురుగా కూర్చుని తింటూ, ఇంత పెద్ద మాట ఊరి మీద తిప్పి పంపుకోవడం ఏమిటి నాన్నా?"

"మేం అలాగే చెప్పుకునేవాళ్లం."

"నవ్వులాటకి చెప్పుకున్నారు."

"నువ్వు పుడుతున్నావన్నది నవ్వులాట కాదు."

ఆమె పటం దగ్గర నేల మీద కూర్చుని, దారం ముడి గోళ్లతో లాగడం మొదలుపెట్టింది. అతను వద్దనలేదు.

అతని బుర్ర వేరే లెక్కలో ఉంది. పేపరు పనిలో జుట్టు నెరిసినవాడికి ఒక రోగం ఉంటుంది. ఇల్లు కాలిపోతున్నా మంట ఎక్కడ మొదలైంది, ఎవరు ముందు చూశారు అని వరస పెట్టుకుంటాడు. ఆదివారం ఆమె ప్లీడరుకి చెప్పింది. బుధవారం ప్లీడరు అబద్ధం ఆడింది. ఆ పై ఆదివారం, ఏమీ తెలియని తను, ఎప్పట్లాగే బక్కోడికి ఫోన్ చేశాడు. ఎప్పట్లాగే అన్నాడు: "అంతా క్షేమం."

బక్కోడు ఆ మాట ఎవరికి చేరవేశాడు?

ఫోను తీసుకున్నాడు. ముత్యం పోయాక ఏ ఆదివారమూ ఆ నంబరు నొక్కలేదు.

సగం మోతలోనే బక్కోడు ఎత్తాడు. బరువైన ఊపిరి మాత్రం వినిపించింది.

"ఫోను చేతిలోనే ఉందా?" అన్నాడతను.

"ఆదివారం పొద్దున స్టూడియో తియ్యను కదరా," అన్నాడు బక్కోడు. "పెళ్లి వాళ్లొచ్చినా తియ్యను. మా ఆవిడ తిడుతోంది. ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటా. అలవాటు."

"ఒకటి అడుగుతాను. ఉన్నది ఉన్నట్టు చెప్పు. అలంకారాలు వద్దు."

"అడుగు."

"ముత్యం పోయే ముందు, నాలుగు నెలల ముందు. ఒక ఆదివారం నేను అంతా క్షేమం అన్నాను నీతో."

"ప్రతి ఆదివారం అదే అనేవాడివి."

"ఆ ఆదివారం ఆమె నిన్ను ఏమైనా అడిగిందా?"

బక్కోడు ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పని లేనట్టే చెప్పాడు.

"అడిగింది. అంతకుముందు ఎప్పుడూ అడగలేదు కాబట్టి గుర్తుంది. 'మా ఆయన ఏమన్నాడు? సరిగ్గా ఏ మాట అన్నాడో ఆ మాటే చెప్పు,' అంది. అంతా క్షేమం అన్నాడమ్మా అన్నాను. గొంతు ఎలా ఉంది అంది. ఎప్పట్లాగే గంట కొట్టినట్టుంది అన్నాను."

"తర్వాత?"

"కాసేపు పలకలేదు. లైను పోయిందనుకున్నాను. తర్వాత అంది, 'పోన్లే. ఎలా తట్టుకుంటాడో అని చచ్చేంత భయపడ్డాను. ధైర్యంగానే ఉన్నాడు. ఇక నాకేం ఫర్వాలేదు.' నవ్వుతూనే అంది. నాకేం అర్థం కాలేదు. మీ ఇంటి గొడవేదో అనుకున్నాను." బక్కోడు ముక్కు ఎగబీల్చాడు. "తను పోయాక అర్థమైంది. అప్పటికే నీకంతా తెలుసని, ఎంత గుండె నిబ్బరం వీడికి అని అనుకున్నాను. ఆ మాట నీకు చెబితే కాస్త ఊరటగా ఉంటుందని ఏడాదిగా చూస్తున్నాను. నువ్వు ఫోనెత్తవు కదరా."

అతనికి పేపరు మీద ఎర్ర గీతలు అలుక్కుపోయి కనిపించాయి. కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. అయినా అలాగే ఉన్నాయి.

"ఉన్నావా?" అన్నాడు బక్కోడు.

"ఉన్నాను."

"అంతా క్షేమమేనా?"

అలవాటుగా వచ్చిన మాట అది. అన్నాక నాలుక కరుచుకున్నట్టున్నాడు. ముప్ఫై ఏళ్లు, ఏ ఆదివారమైనా ఆ ప్రశ్నకు ఒకటే జవాబు.

"కాదు," అన్నాడతను.

అవతల బక్కోడు పిల్లవాడిలా అడిగాడు: "మరి ఈ కబురు నేనెవరికి చెప్పాలిరా? నా తర్వాత ముత్యం కదా."

కూతురు దారం ముడి వదిలి తండ్రి వంక చూసింది.

"వరస నీకు తెలుసు," అన్నాడతను. ఫోను పెట్టేశాడు.

ఎందుకన్నాడో అతనికే తెలియదు. నోరు జారిందో, చెయ్యి చాచాడో. అనేశాక వెనక్కి తీసుకోవడానికి అచ్చయిన పేపరుకీ నోటి మాటకీ తేడా లేదు.

కూతురు కాగితం విప్పింది. పటాన్ని ఇటు తిప్పింది. ముత్యం నవ్వుతోంది. కాలేజీ గోడ ముందు నిలబడి, చేతిలో జిగురు డబ్బా, బుగ్గ మీద సిరా మరక. బక్కోడు ఎక్కడ దాచి ఉంచాడో ఆ ఫోటో. ఎవరు ఏం చెప్పినా నమ్మే ముఖం.

కింద మెట్ల మీద అడుగుల చప్పుడు ఎప్పుడు ఆగిందో అతను గమనించలేదు. రెండో అంతస్తు మలుపులో కూర్చుండిపోయినట్టుంది. అక్కడ్నించి ఫోను మోత వినిపించింది, సంచిలోంచి వస్తున్నట్టు మూసుకుపోయి. చాలాసేపు మోగింది. ఆగింది. ప్లీడరు గొంతు ఒక్క ముక్క వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

అడుగుల చప్పుడు మళ్లీ మొదలవలేదు. పైకీ లేదు, కిందికీ లేదు.

అతని చేతిలో ఫోను మోగింది.

"నాన్నా," అంది కూతురు.

ఎత్తితే వినాలి. ఎత్తకపోతే ముత్యం పెట్టిన కబురు దారిలోనే ఉండిపోతుంది. అతను పటం వంక చూశాడు, తలుపు వంక చూశాడు. ఎర్ర పెన్సిలు పేపరు మీద పెట్టాడు. అది దొర్లుకుంటూ వెళ్లి కింద పడింది.

ఫోను ఇంకా మోగుతూనే ఉంది.